సొంతంగా అచ్చు వేసుకున్న పుస్తకం: పంపే ఖర్చు తగ్గించుకోవడం ఎలా?

పుస్తకం చేతికి వచ్చేదాకా రచయితకు అచ్చు ఖర్చు ఒక్కటే కనబడుతుంది. కంపోజింగుకు ఎంత, ముఖచిత్రానికి ఎంత, ప్రతికి ఎంత పడుతుంది అని పది మందిని అడిగి తెలుసుకుంటాం. తీరా మొదటి పాఠకుడు ఫోను చేసి "నాకొక కాపీ పంపండి, మొత్తం ఎంత వేయమంటారు?" అన్నప్పుడు తడబడతాం. 200 అనాలా, 240 అనాలా? పోస్టేజి మనమే భరించాలా? ఆ మొహమాటంలో "200 చాలండీ" అనేస్తాం. అక్కడి నుంచి అమ్మిన ప్రతి కాపీ మీదా చేతి చమురు వదులుతూనే ఉంటుంది.

ప్రింట్ ఆన్ డిమాండ్ (పి.ఓ.డి.), అంటే కావలసినన్ని ప్రతులే అప్పటికప్పుడు అచ్చు వేయించుకునే పద్ధతిలో ఈ చిక్కు మరీ ఎక్కువ. ఎక్కువ ప్రతులు ఒకేసారి వేసే ఆఫ్‌సెట్ అచ్చులో వెయ్యి ప్రతులు వేయిస్తే అన్నీ ఒకేసారి ఆటోలో ఇంటికి వస్తాయి. ఇక్కడ అయిదో, పదో కావలసినప్పుడల్లా తెప్పించుకుంటాం. తెప్పించుకున్న ప్రతిసారీ రవాణా బిల్లు పడుతుంది. ఆ బిల్లు ఎంతన్నది పోస్టాఫీసు కౌంటరు దగ్గర తేలుతుందని నేనూ అనుకునేవాణ్ణి. చాలావరకు అది పేజీలు దిద్దే రోజునే తేలిపోతుంది. కాబట్టి అక్కడి నుంచే మొదలుపెట్టండి.

1. అచ్చుకు ఇవ్వకముందే పుస్తకాన్ని తూచండి

లేని పుస్తకాన్ని ఎలా తూస్తారు? కాగితం మీద ఉండే జి.ఎస్.ఎం. అంకె అందుకే ఉంది. చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములు తూగుతుందో అది చెబుతుంది. మన దగ్గర కథలు, కవితలు, నవలలు ఎక్కువగా వచ్చే డెమీ సైజు, అంటే అయిదున్నర అంగుళాల వెడల్పు, ఎనిమిదిన్నర పొడవు, తీసుకుందాం. సెంటీమీటర్లలో సుమారు 14, 21.6. రెండింటినీ గుణిస్తే ఒక కాగితం 302 చదరపు సెంటీమీటర్లు. దాన్ని జి.ఎస్.ఎం.తో గుణించి పది వేలతో భాగించండి. పుస్తకాలకు మామూలుగా వాడే మ్యాప్‌లిథో కాగితం 70 జి.ఎస్.ఎం.ది అయితే కాగితానికి 2.11 గ్రాములు వస్తుంది.

200 పేజీల పుస్తకంలో కాగితాలు వంద. (ఇక్కడే చాలామంది 200తో గుణించి బెంబేలెత్తిపోతారు. కాగితానికి రెండు వైపులుంటాయి.) లోపలి కాగితం 211 గ్రాములు, 250 జి.ఎస్.ఎం. అట్ట, దాని లామినేషను, జిగురు కలిపి మరో 18, 19. మొత్తం 230 గ్రాములు. అదే 80 జి.ఎస్.ఎం. కాగితం వాడితే 260.

ముప్పై గ్రాములే కదా అనిపిస్తుంది. కానీ తపాలా వాళ్లయినా, కొరియర్ వాళ్లయినా గ్రాముకింత అని తీసుకోరు. మెట్లు మెట్లుగా తీసుకుంటారు: అర కిలో దాకా ఇంత, అది దాటితే కిలో ధర. 230 గ్రాముల పుస్తకాలు రెండు కలిపి, కవరుతో సహా 485 గ్రాములు, అర కిలో మెట్టులోనే ఉన్నాయి. 260 గ్రాములవి రెండయితే 545. మెట్టు దాటాయి, కిలో ధర కట్టాలి. అన్నదమ్ములిద్దరూ కలిసి రెండు కాపీలు తెప్పించుకునే సందర్భం చాలా తరచుగా వస్తుంది. కాగితం ఎంచుకునేటప్పుడు ఆ రెండు కాపీల పొట్లాన్ని మనసులో పెట్టుకోండి.

నా మొదటి కథల సంపుటి 224 పేజీలు, 80 జి.ఎస్.ఎం. పుస్తకం 290 గ్రాములు, కవరు 20, మొత్తం 310. పోస్టులో 300 గ్రాముల మెట్టు పది గ్రాముల తేడాతో తప్పిపోయింది. ఇంటికొచ్చి పుస్తకం తిరగేస్తే చివర అయిదు కాగితాలు ఖాళీగా ఉన్నాయి. "మీ అభిప్రాయం రాసుకోవడానికి" అని పైన శీర్షిక పెట్టి నేనే వదిలాను. అయిదు కాగితాలంటే 12 గ్రాములు. అవి లేకపోతే 298. ఆ ఖాళీ పేజీల్లో ఎవరైనా ఒక్క అభిప్రాయమన్నా రాసినట్టు నాకు ఇంతవరకు తెలియదు. వాటిని మోసినందుకు మాత్రం ప్రతి కాపీకీ అయిదు రూపాయలు, దాని మీద పన్ను కట్టాను.

ఆఫ్‌సెట్‌లో పదహారు పేజీల ఫారాలు (ఒకే పెద్ద కాగితం మీద కలిపి అచ్చయ్యే పేజీలు) నింపడం కోసం చివర ఖాళీలు వదలక తప్పేది కాదు. పి.ఓ.డి.లో వాడే డిజిటల్ అచ్చులో ఆ బెడద చాలావరకు లేదు. అధ్యాయం పేరు కోసం ప్రత్యేకంగా ఒక పేజీ, దాని వెనక తెల్ల పేజీ, రెండు ముందుమాటలు, ఆత్మీయ వాక్యాలు, అభినందన చందనాలు: కత్తెర వేయదలచుకుంటే ముందు వీటి మీద వేయండి. అక్షరాల సైజు తగ్గించే పని మాత్రం పెట్టుకోకండి. తెలుగు లిపికి కింద ఒత్తులు, పైన గుడులు ఉంటాయి. వరసల మధ్య చోటు నొక్కేస్తే చదివేవారి కళ్లకు కష్టం. మన పాఠకుల్లో అరవై దాటినవారూ ఉంటారన్న సంగతి మరవకండి.

పుస్తకం మరీ పలచగా కనిపిస్తుందన్న బెంగ ఉంటే 80కి పోనక్కర్లేదు. నేచురల్ షేడ్ బల్కీ కాగితం ఉందేమో అడగండి. తక్కువ బరువులోనే చేతికి మందంగా ఆనుతుంది.

2. పుస్తకం ఎన్ని ప్రయాణాలు చేస్తుందో లెక్కపెట్టండి

పి.ఓ.డి. సంస్థ దగ్గర అచ్చయిన పుస్తకం పాఠకుడికి రెండు దారుల్లో చేరుతుంది. సంస్థ వెబ్‌సైటులోనే పాఠకుడు కొంటే అక్కడి నుంచి నేరుగా ఆయన ఇంటికి వెళుతుంది. ఒకటే ప్రయాణం, కానీ ఒంటరి ప్రయాణం కాబట్టి టిక్కెట్టు ఎక్కువ, దాన్ని కట్టేదీ పాఠకుడే. 200 రూపాయల పుస్తకం బుట్టలో వేసుకుని, చివరికి డబ్బు కట్టే చోట 260 కనిపిస్తే చాలామంది అక్కడితో ఆగిపోతారు.

రెండో దారిలో మీరే కొన్ని కాపీలు తెప్పించుకుని ఇంటి నుంచి పంపుతారు. రెండు ప్రయాణాలు. మొదటిది గుంపుగా వస్తుంది కాబట్టి కాపీకి తక్కువ పడుతుంది, రెండోది పోస్టులో వెళితే అదీ తక్కువే. ఒక లెక్క వేసి చూడండి. ఈ అంకెలు లెక్క కోసం అనుకున్నవి. మీ సంస్థ చెప్పే అంకెలు వీటి స్థానంలో పెట్టుకోండి. యాభై కాపీలకు రవాణా 400 అయితే కాపీకి 8. ఇంటి నుంచి పోస్టేజి, పన్నుతో 24 అనుకుందాం, కవరు 6. మొత్తం 38. పాఠకుడు విడిగా తెప్పించుకుంటే పడే 60 కంటే ఇది నయం. అయితే మంచం కింద పెట్టెలు, రోజూ పోస్టాఫీసుకు నడక మీ వంతు. ఊళ్లో ఉండని ఉద్యోగమైతే, లేదా నెలకు రెండు మూడు కాపీలే కదిలే పుస్తకమైతే, మొదటి దారే మేలని నా అభిప్రాయం. ఇరవై రూపాయలు మిగిలించడానికి సగం పూట సెలవు పెట్టేవాళ్లను చూశాను.

ఎన్ని కాపీలు తెప్పించుకోవాలో సంస్థ వెబ్‌సైటు ధరల పట్టీయే చెబుతుంది. 5, 10, 25, 50, 100 అని ఒక్కొక్కటే నింపి, రవాణా ఖర్చును కాపీల సంఖ్యతో భాగించి కాగితం మీద రాసుకోండి. మొదట్లో కాపీకి పడే ఖర్చు గబగబా దిగుతుంది, తరువాత దాదాపు కదలదు. ఎక్కడ కదలడం ఆగిందో అక్కడ మీరూ ఆగండి. అంతకు మించి తెప్పిస్తే ప్రింట్ ఆన్ డిమాండ్ ఎంచుకున్న ప్రయోజనమే పోతుంది.

మొదటి ఆర్డరు మాత్రం ఒకే ఒక్క కాపీ. అచ్చు తప్పులు చూసుకోవడానికే కాదు, తూకానికి కూడా. కిరాణా కొట్టు ఎలక్ట్రానిక్ కాటా మీద, పంపబోయే కవరులో పెట్టి, తూచండి. పేజీలు తారుమారైనా, అట్ట సరిగ్గా అతకకపోయినా మళ్లీ అచ్చువేసి ఇస్తామని చాలా సంస్థలు అంటాయి. పాడైన కాపీని వెనక్కి పంపే ఖర్చు ఎవరిదో కూడా అప్పుడే రాతపూర్వకంగా అడిగి పెట్టుకోండి.

3. పోస్టులో ఏ దారి?

తెలుగు రచయితలు, చిన్న ప్రచురణకర్తలు దశాబ్దాల పాటు బుక్‌పోస్టు అనే చవక తపాలా సేవ మీద బతికారు. 2024 డిసెంబరులో తపాలా శాఖ రిజిస్టర్డ్ బుక్‌పోస్టును ఎత్తేసింది. దాని లోటు తీర్చడానికి 2025 మే 1 నుంచి జ్ఞాన్ పోస్ట్ అనే సేవ మొదలైంది. 300 గ్రాముల దాకా 20 రూపాయలు, 500 దాకా 25, కిలో దాకా 35, రెండు కిలోలకు 50, అలా మెట్లెక్కుతూ అయిదు కిలోలకు 100. పన్నులు అదనం. దూరంతో పని లేదు. ఒంగోలు నుంచి కందుకూరుకైనా, గువాహటికైనా ఒకటే ధర. పొట్లం ఎక్కడుందో ఇంటి నుంచే చూసుకోవచ్చు. భూమార్గంలోనే వెళుతుంది కాబట్టి తొందరపడేవారికి పనికిరాదు.

షరతులున్నాయి. చదువుకు సంబంధించినవి, సామాజిక, సాంస్కృతిక, మత సంబంధమైన పుస్తకాలకు ఉద్దేశించిన సేవ ఇది. పుస్తకం మీద ముద్రాపకుల పేరో, ప్రచురణకర్త పేరో ఉండాలి. వ్యాపార ప్రకటనలున్న ప్రచురణలు పనికిరావు. మీ ఇతర పుస్తకాల జాబితా చివరి పేజీలో ఉంటే ఇబ్బంది లేదు. పొట్లం మీద జ్ఞాన్ పోస్ట్ అని స్పష్టంగా రాయండి, లోపల ఉత్తరం పెట్టకండి. రాయాలనిపిస్తే పుస్తకం మొదటి పేజీ మీదే "ప్రేమతో" అని సంతకం చేయండి, పాఠకుడికి అదే ఎక్కువ. మీ నవలనో, కవితలనో ఈ కోవలో తీసుకుంటారో లేదో యాభై పొట్లాలు కట్టేశాక కాకుండా, ఒక కాపీ పట్టుకెళ్లి ముందే అడగండి. కౌంటరులో "పుస్తకం పంపాలి" అనకండి, "జ్ఞాన్ పోస్ట్ చేయాలి" అని పేరుపెట్టి అడగండి.

పై ధరల్లో ఒక కిటుకు దాగి ఉంది. ఒక కాపీకి 20 అయితే, అయిదు కిలోలకు 100 మాత్రమే. 230 గ్రాముల పుస్తకాలు ఇరవై, 4.6 కిలోలు, అట్టపెట్టెతో 4.85. అంటే కాపీకి అయిదు రూపాయలు, పైన పన్ను. కరీంనగర్‌లోనో, అనంతపురంలోనో పుస్తకాలంటే ఇష్టపడే మిత్రుడు ఒక్కరున్నా ఇరవై కాపీలు ఆయనకు పంపండి. సాహితీ సభ జరిగిన సాయంత్రం చేతులు మారిపోతాయి. ఆయనకు రెండు కాపీలు ఉచితంగా ఇచ్చినా మీకు నష్టం లేదు.

త్వరగా చేరాలంటే స్పీడ్ పోస్టు. 2025లో రిజిస్టర్డ్ పోస్టును దానిలో కలిపేశారు, అక్టోబరు నుంచి ధరలూ మార్చారు. దూరాన్ని బట్టి, బరువును బట్టి మారుతుంది. డాక్యుమెంటుకు ఒక ధర, పార్శిలుకు ఒక ధర కాబట్టి మీ పుస్తకాన్ని దేని కింద తీసుకుంటారో అడిగి తెలుసుకోండి. బహుమతిగా పుట్టినరోజు లోపల చేరాల్సిన కాపీకి తప్ప దీని అవసరం పెద్దగా రాదు.

4. కొరియరైతే పెట్టె కొలత చూసుకోండి

కొరియర్లు అసలు బరువు, ఘనపరిమాణపు బరువు (పెట్టె ఆక్రమించే చోటును బట్టి కట్టే బరువు) రెండూ చూసి ఏది ఎక్కువైతే దానికి డబ్బు తీసుకుంటాయి. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగించడం సాధారణంగా వాడే సూత్రం. పది కాపీలు పంపాలి. అటక మీద పాత మిక్సీ వచ్చిన అట్టపెట్టె ఉంది: 40, 30, 20. గుణిస్తే 24,000, భాగిస్తే 4.8 కిలోలు. పుస్తకాల అసలు బరువు పెట్టెతో రెండున్నర కిలోలే. మిగతా డబ్బంతా గాలికి కట్టినట్టు. అవే పది కాపీలను అయిదేసి చొప్పున రెండు దొంతరలుగా పక్కపక్కన పేర్చి, చుట్టూ అట్ట మడిచి కడితే 29, 23, 7 లోపల సరిపోతుంది. అప్పుడు అసలు బరువుకే కడతారు. పుస్తకాలు లోపల కదలవు కాబట్టి మూలలు కూడా నలగవు.

పొట్లం కట్టే పద్ధతి గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. ముందు పలచని ప్లాస్టిక్ సంచి (జూలై నుంచి నవంబరు దాకా ఇది తప్పనిసరి), దాని మీద బబుల్ కవరు. ఒంటరి కాపీకి ఒకవైపు పలచని అట్టముక్క. పిన్‌కోడ్, ఫోను నంబరు పెద్ద అంకెల్లో. కవర్లు విడిగా కొంటే ఖరీదు, వంద కట్ట కొనండి.

5. డబ్బు ముందే తీసుకోండి

ఒకప్పుడు పత్రికల్లో "వి.పి.పి. ద్వారా పంపబడును" అని ఉండేది, అంటే పొట్లం అందుకునేటప్పుడు పోస్టుమానుకు డబ్బు కట్టే పద్ధతి. ఇప్పుడు దాని స్థానంలో క్యాష్ ఆన్ డెలివరీ వచ్చింది. మీలాంటి, నాలాంటి వాళ్లు దాని జోలికి పోకపోవడమే మంచిది. ఒకసారి ఓ కొరియరు ద్వారా అలా పదిహేను కాపీలు పంపాను. నాలుగు తిరిగొచ్చాయి: తలుపు తాళం, "ఆర్డరు చేయలేదు", ఫోను ఎత్తలేదు, "మా అబ్బాయి చేశాడేమో, వద్దు". వెళ్లినందుకు ఒకసారి, వచ్చినందుకు మరోసారి కట్టాను. ఆ నాలుగు కాపీల ఖర్చు తక్కిన పదకొండింటి లాభాన్ని మింగేసింది. క్యూ.ఆర్. కోడ్ పంపండి, డబ్బు పడ్డాక చిరునామా పిన్‌కోడ్‌తో సహా రాయించుకోండి. పుస్తకం నిజంగా కావలసినవారు దీనికి నొచ్చుకోరు.

ధర ఎలా చెప్పాలి? "200, పోస్టేజి అదనం" అనే కంటే "పోస్టేజితో కలిపి 235" అని ఒకే అంకె చెప్పడం తేలిక. అవతలివారికీ ఒకే లెక్క. రెండు కాపీలు తీసుకుంటే 450 అనండి. రెండో కాపీ అదే కవరులో, ఒక్క మెట్టు పైన వెళుతుంది కాబట్టి ఆ తగ్గింపు మీ జేబులోంచి పోదు.

లెక్కలో ఎక్కనివి ఉచిత కాపీలు. సమీక్షకు పత్రికలు రెండేసి ప్రతులు అడుగుతాయి. ముందుమాట రాసినవారికి, బొమ్మ వేసినవారికి, ఊళ్లో మాస్టారికి ఇవ్వాలి. ఇవి న్యాయమైనవే. ఇవి కాక "ఒకటి పంపండి, చదివి చెబుతాను" అనే బాపతు ఉంటుంది. వారు చెప్పరు. ఉచితంగా పంపే కాపీలు ఎన్నో పుస్తకం రాకముందే అంకె వేసుకుని, వాటి అచ్చు ఖర్చు, పోస్టేజి కలిపి మొత్తం పెట్టుబడిలో రాసేయండి. ముప్పై అనుకుంటే ముప్పై. ముప్పై ఒకటో వారికి క్యూ.ఆర్. కోడ్ పంపడానికి కొంచెం ధైర్యం కావాలి, అంతే.

6. పుస్తకాల దుకాణాలకు, ప్రదర్శనలకు

దుకాణాలు ముప్పై అయిదు, నలభై శాతం కమీషను అడగడం మామూలే. పి.ఓ.డి.లో ప్రతికి అచ్చు ఖర్చే ఎక్కువ కాబట్టి కమీషను పోను మిగిలేది కొద్దిగా ఉంటుంది. దాంట్లోంచి రవాణా కూడా తీస్తే చేతికి ఏమీ రాదు. 200 ధర, 80 కమీషను, అచ్చు 90. ఇక 30 మిగిలింది. దుకాణం దాకా కాపీకి 25 ఖర్చయితే మీకు టీ డబ్బులే. అందుకని దుకాణాలకు ఒక్కొక్క కాపీ కొరియరులో పంపకండి. సాధారణంగా డిసెంబరులో హైదరాబాద్ పుస్తక ప్రదర్శన, జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవం ఉంటాయి. ఎవరో ఒకరి స్టాలులో చోటు మాట్లాడుకుని ఒకే పెట్టె పంపండి.

ఆ పెట్టెకు ఆర్టీసీ కార్గో బాగా పనికొస్తుంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఆర్టీసీలు రెండూ బస్సుల్లో పార్శిళ్లు పంపుతాయి. అవతలి బస్టాండులో తీసుకునే మనిషి ఉంటే చాలు. తీసుకునేవారి పేరు, ఫోను నంబరు పెట్టె రెండు వైపులా రాయండి. రసీదు ఫొటో తీసి వెంటనే వారికి పంపండి. ప్రదర్శన ముగిశాక మిగిలిన కాపీలను వెనక్కి తెప్పించుకోవద్దు. ఆ ఊళ్లోనే ఏదైనా దుకాణంలో వేసేయండి, లేదా గ్రంథాలయానికి ఇచ్చేయండి.

7. అమెరికా పిన్ని అడిగితే

ఇక్కడి నుంచి ఒక కాపీ విమానంలో పంపితే పోస్టేజి పుస్తకం ధరను దాటిపోతుంది. దీనికి మూడు దారులున్నాయి. ఒకటి, అక్కడే అచ్చు వేయడం. ఇన్‌గ్రామ్‌స్పార్క్ అనే పి.ఓ.డి. సంస్థకు అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియాల్లో అచ్చు ఏర్పాట్లు ఉన్నాయి. రచయితలే పుస్తకం వేసుకునే అమెజాన్ సేవ కె.డి.పి. కూడా పాఠకుడికి దగ్గరలో అచ్చువేసి పంపుతుంది; ముందు వారు తీసుకునే భాషల జాబితాలో తెలుగు ఉందో లేదో చూసుకోండి. కె.డి.పి. కాగితం పుస్తకాన్ని అమెజాన్ ఇండియాలో అమ్మకానికి పెట్టడం కుదరదు. రచయిత కాపీలు కూడా విదేశం నుంచే రావాలి కాబట్టి ఇండియా పాఠకుల కోసం దాన్ని నమ్ముకోకండి.

రెండోది, అక్కడున్న ఒక బంధువు ఇంటిని గోదాముగా చేసుకోవడం. అమెరికా తపాలాలో పుస్తకాల కోసం మీడియా మెయిల్ అనే చవక సేవ ఉంది. దేశంలో ఎంత దూరమైనా ఒకటే ధర, బరువును బట్టి మాత్రమే మారుతుంది. లోపల పుస్తకాల్లాంటివి తప్ప వేరేవి పెట్టకూడదు. వాళ్లు పొట్లం విప్పి చూసే హక్కుంది కాబట్టి పుస్తకంతో పాటు పూతరేకులు పంపే ఆలోచన మానుకోమనండి.

గోదాములోకి సరుకు చేరే దారి మూడోది: సూట్‌కేసు. విమానంలో ఒక పెట్టెకు 23 కిలోలు. మీ 230 గ్రాముల పుస్తకాలు లెక్కకు సరిగ్గా వంద, పెట్టె సొంత బరువు తీసేస్తే ఎనభై పైచిలుకు. అక్క కూతురి పురిటికి వెళుతున్న మా వదినను అడిగితే రెండో పెట్టెలో పన్నెండు కాపీలకు చోటిచ్చింది. మిగతాదంతా ఆవకాయ, కారప్పొడి, పసివాడి ఉగ్గుసామాను. ఆ పన్నెండూ న్యూజెర్సీలో రెండు వారాల్లో అమ్ముడుపోయాయి. ఈసారి ఎవరు వెళుతున్నా ఆవకాయ సర్దకముందే ఫోను చేయాలి.